ఓటు బియ్యాన్ని పంచింది, భూమిని ఎందుకు పంచలేకపోయింది?

రాజాం దగ్గర ఒక ఊరి నుంచి ఎం.ఏ. చదువుతున్న తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "పేదలు ఎక్కువమంది ఉన్నచోట అందరికీ ఓటు ఉంటే, ఆ ఓటుతో ఆస్తులూ ఆదాయాలూ పంచుకోవాలి కదా సార్? 1952 నుంచి ఓట్లేస్తున్నాం. అయినా మన శ్రీకాకుళం, విజయనగరం జనం ఇంకా మూట నెత్తిన పెట్టుకుని రైలెక్కుతున్నారెందుకు? ఈ పథకాలు ప్రజాస్వామ్యాన్ని బాగుచేస్తున్నాయా, పాడుచేస్తున్నాయా?"

డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు ఎకనామిక్స్ చెప్పాను. దాదాపు ప్రతి ఎన్నికకీ పోలింగ్ డ్యూటీ చేశాను. ఈ ప్రశ్న నన్ను అప్పటినుంచీ వదల్లేదు. కాబట్టి సమాధానం కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. భూమి వదులుకోవాల్సినవాడు ఊళ్లోనే ఉన్నాడు. బియ్యానికి డబ్బు కట్టేవాడు ఊళ్లో లేడు. నీ మొదటి ప్రశ్నకి జవాబు చాలావరకు అందులోనే ఉంది. ఇక రెండోదానికి, ఎంత పంచారన్నది ఒక్కటే చూడకు. ఎవరి చేతి మీదుగా పంచారో చూడు.

ముందు సిద్ధాంతం. 1981లో అలన్ మెల్ట్‌జర్, స్కాట్ రిచర్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు నువ్వు అడిగిన ప్రశ్ననే లెక్క కట్టి చూశారు. ఒక వీధిలో అయిదిళ్లు ఉన్నాయనుకో. నెలకి ఒకరిది 6 వేలు, ఒకరిది 8, ఒకరిది 10, ఒకరిది 16, చివరి ఇంటివారిది 60 వేలు. మొత్తం లక్ష, సగటు 20 వేలు. వరసలో నడిమి ఇంటి ఆదాయం మాత్రం 10 వేలే. ఇప్పుడు అందరి దగ్గరా నూటికి 20 పన్ను తీసి సమానంగా పంచితే ఇంటికి 4 వేలు వస్తుంది. నడిమి ఇల్లు కట్టేది 2 వేలు, అందుకునేది 4 వేలు. 16 వేల ఇంటికి కూడా 800 రూపాయలు మిగులుతుంది. నష్టం ఒక్క 60 వేల ఇంటికే. ఓటింగ్ పెడితే నాలుగు ఓట్లు పంపకానికే పడాలి. పన్ను మరీ పెంచితే సంపాదించేవాడికి ఉత్సాహం తగ్గుతుంది కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగుతారు. సగటుకీ నడిమి ఇంటికీ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే పంపకం అంత ఎక్కువ జరగాలి. ఆ సిద్ధాంతం సారం ఇంతే.

పుస్తకంలో ఇది నున్నగా ఉంటుంది. మన ఊళ్లోకి తెచ్చేసరికి ఆగిపోతుంది. ఆ అయిదిళ్లలో మూడు, 60 వేల ఇంటివారి పొలంలోనే పనిచేస్తుంటే? ఎవరి భూమి ఎంతో రాసే పుస్తకం ఆ ఇంటి అరుగు మీదే ఉంటే? ఓటు ఎవరికి వేశారో ఆ ఇంటికి తెలిసిపోతుందన్న భయం ఉంటే?

మొదటిసారి 1985 అసెంబ్లీ ఎన్నికల్లో డ్యూటీ పడింది. పాలకొండ వైపు ఒక ఊరు. బ్యాలెట్ కాగితం మడతపెట్టి ఇస్తుంటే ఒక ముసలాయన నా మీదకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు: "ఎవులికేసినానో బుగతకి తెలుస్తాదా బాబూ?" బుగత అంటే ఊరి భూస్వామి. తెలియదని చెప్పాను. నమ్మలేదు. ముద్ర వేశాక కాగితాన్ని ఎన్ని మడతలు పెట్టాడంటే, పెట్టె కంతలో పట్టక మళ్లీ రెండు మడతలు విప్పాల్సి వచ్చింది. చేతులు వణుకుతున్నాయి. స్వతంత్రం వచ్చి అప్పటికి 38 ఏళ్లు. ఓటు అనే హక్కు కాగితం మీదనుంచి మనిషి గుండెలోకి దిగడానికి ఎంత టైమ్ పడుతుందో ఆ మడతల్లో చూశాను.

రెండో సిద్ధాంతం డారన్ ఆసిమోగ్లు, జేమ్స్ రాబిన్సన్‌లది. ఇద్దరికీ సైమన్ జాన్సన్‌తో కలిపి 2024లో నోబెల్ ఇచ్చారు. పైవాళ్లు ఓటు ఎందుకిస్తారన్నది వీళ్ల ప్రశ్న. మన మాటల్లో చెప్తాను. కరువు ఏడాది జనం గుమ్మం ముందు కూర్చుంటే బుగత గాదె తెరిచి గింజలు కొలుస్తాడు. జనం లేచిపోతారు. వచ్చే ఏడాది మళ్లీ తెరుస్తాడని నమ్మకం ఏముంది? జనం గుమిగూడే ఉంటేనే ఆ మాటకి విలువ. ఇళ్లకి పోతే అది ఉత్తమాటే. మాట నిలబడుతుందని నమ్మించాలంటే తాళంచెవి ఇచ్చెయ్యాలి. ఆ తాళంచెవే ఓటు. తిరుగుబాటు భయం బాగా ఉండి, ఉత్త హామీలు ఎవరూ నమ్మని పరిస్థితి వస్తే పైవాళ్లు ఓటు ఇస్తారని వీళ్ల వాదన. ఇంగ్లండ్‌లో 1832, 1867, 1884 చట్టాలతో ఓటు మెట్టుమెట్టుగా కిందికి దిగడాన్ని వాళ్లు ఇలాగే వివరిస్తారు. పంపకం బరువు మరీ ఎక్కువనిపిస్తే పైవాళ్లు ఓటునే కొట్టిపడేసే ప్రమాదమూ ఉందంటారు. 1973లో చిలీలో సైన్యం చేసింది అదే.

ఇది మన జిల్లాలకి ఎంతవరకు అతుకుతుంది? జమీందారీ దగ్గర బాగానే అతుకుతుంది. 1802 శాశ్వత శిస్తు ఒప్పందం తర్వాత విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస లాంటి జమీందారీల కింద మన పల్లెలు ఉండేవి. 1937లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచే బయల్దేరింది. మద్రాసు దాకా 130 రోజులు, 1,500 మైళ్లకు పైగా నడక. ఆ ఏడాదే జరిగిన ఎన్నికల్లో మద్రాసు రాష్ట్రాన్ని ఏలుతున్న బొబ్బిలి రాజావారు తన సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆయన జస్టిస్ పార్టీకి 215 సీట్లలో 18 మాత్రమే వచ్చాయి. ఒక్క సంగతి మరచిపోకు. అప్పటి ఓటు అందరిదీ కాదు. పన్ను, ఆస్తి, చదువు ఉన్నవాళ్లకే ఓటు. అంటే రాజావారిని ఓడించినవాళ్లు కూలీలు కారు, శిస్తు కట్టే రైతులు.

1940 ఏప్రిల్ 1న మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో రైతులమీద కాల్పులు జరిగాయి. అడవి కర్ర మీద హక్కు దగ్గర మొదలైన గొడవ అది. చనిపోయినవాళ్లలో గున్నమ్మ ఒకరు. వీరగున్నమ్మ అని మనవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. దానికి కొద్దిరోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఆ ఒత్తిడంతా కలిసి 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం అయింది.

ఇక్కడ నువ్వు ఆగి చూడాలి. జమీందారీ పోతే భూమి ఎవరికి దక్కింది? పట్టా ఉన్న రైతుకి. ఆ రైతు దగ్గర ఏడాదికి ఇన్ని గింజలని ఒప్పుకుని కట్టుబడి పనిచేసిన కంబారికి ఏమీ దక్కలేదు. జమీందార్లకి నష్టపరిహారం అందింది, సొంత సాగు కింద చూపించిన భూములు మిగిలాయి. పైమెట్టు విరిగి రెండో మెట్టువాళ్లు పైకొచ్చారు. తర్వాత అసెంబ్లీలో కూర్చున్నది ఎక్కువగా వాళ్లే. దాన్ని నేను తక్కువ చెయ్యను. శిస్తు కట్టలేక ఎద్దుల్ని జప్తుకిచ్చిన ఇళ్లకి అది నిజమైన విముక్తి. కానీ ప్రజాస్వామ్యం వైపు తోసే శక్తి అట్టడుగు పేదలది అనుకుంటే మన చరిత్ర అర్థం కాదు. తమ సంపాదన పైవాడు లాక్కోకూడదనుకునే మధ్య రైతు ఆ బండి లాగాడు. బండి ఆయన గుమ్మం ముందే ఆగింది.

దానికి రుజువు భూపరిమితి చట్టం. 1961లో ఒకటి వచ్చింది, పెద్దగా ఫలితం లేదు. 1973లో గట్టిది చేశారు. భూమి రకాన్ని బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు దాటకూడదు. అమల్లోకి వచ్చింది 1975 జనవరి 1న. చట్టం వస్తుంది వస్తుందని ఏళ్ల తరబడి అందరికీ తెలుసు. మిగులు భూమిని వేరేవాళ్ల పేర్ల మీదికి మార్చి సర్దుకోవడానికి కావలసినంత టైమ్ దొరికింది.

మా సొంత ఊళ్లో నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో ఒక కంబారి ఓ కాగితం తెచ్చి చదవమన్నాడు. బుగత ఇంట్లో చెత్త ఊడుస్తుంటే దొరికిందట. "దీన్మీద నా పేరుందని చిన్నబాబు నవ్వుతున్నాడు, ఏటిది?" అన్నాడు. అది శిస్తు రసీదు. ఆయన పేరుమీద నాలుగెకరాల పైచిలుకు భూమి ఉంది. చదివి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "ఏ చెక్క?" అని. సర్వే నంబరు నాకు తెలియదు. గెడ్డ పక్కన ఆయనే దున్నే చెక్క అని తర్వాత తేలింది. తన పేరుమీద ఉన్న భూమిలో తానే కట్టుబడికి దున్నుతున్నాడు. ఆ కాగితం తీసుకెళ్లి ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేశాడు. నాకు ఎకనామిక్స్ మీద పట్టుదల పుట్టింది ఆరోజే.

మెల్ట్‌జర్, రిచర్డ్‌ల అయిదిళ్ల లెక్కలో ఈ రసీదుకి చోటులేదు. చట్టసభలో ఓట్ల బలం ఉంటుంది. కానీ చట్టం అమలయ్యేది కరణం పుస్తకంలో, మునసబు అరుగు మీద. ఆసిమోగ్లు భాషలో చెప్పాలంటే, తాళంచెవి అందరి చేతికీ వచ్చింది గానీ గింజలు అప్పటికే వేరే గదిలోకి మారిపోయాయి.

ఏజెన్సీలో మాత్రం కథ ఇంకోలా నడిచింది. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1917లోనే ఒక చట్టం ఉంది. 1959లో ఇంకో రెగ్యులేషన్ చేశారు. దాన్ని అమలు చేసే రూల్స్ రావడానికి 1969 దాకా పట్టింది. ఈ పదేళ్లలో షావుకారు అప్పుకింద కొండపోడు, పల్లపు చెక్కలు చేతులు మారుతూనే ఉన్నాయి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి వెళ్తున్న గిరిజనులమీద లేవిడి దగ్గర దాడి జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులు కోర్టులో నిర్దోషులుగా బయటపడ్డారు. తర్వాత వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్ల నాయకత్వంలో జరిగిన పోరాటం నీకు తెలిసిందే. 1970 జులైలో ఇద్దరూ చనిపోయారు. అదే 1970లో ఒకటి బై డెబ్బై అని మనవాళ్లు పిలిచే రెగ్యులేషన్ వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి చేతులు మారకూడదని, గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడిదేనని మొదట భావించాలని అందులో ఉంది.

పదేళ్లు కదలని ఫైలు రెండేళ్లలో కదిలింది. భయం ఉంటేనే పైవాళ్లు దిగొస్తారన్న సిద్ధాంతానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు. అయితే దాని ఖరీదు ఎవరు కట్టారో కూడా చూడు. తుపాకుల మధ్య నలిగిన ఊళ్లు, ఏళ్లపాటు జైళ్లలో ఉన్న మనుషులు. తిరుగుబాటు భయం పనిచేస్తుందని సులువుగా రాసేయకు తమ్ముడూ. నీ థీసిస్‌లో అది ఒక వాక్యం. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండల్లో అది కుటుంబాల లెక్క.

ఇక బియ్యం సంగతి. 1982లో ఎన్.టి. రామారావు కిలో 2 రూపాయల బియ్యం హామీ ఇచ్చారు. అధికారంలో ఉన్న కాంగ్రెస్ ప్రభుత్వం ఎన్నికల ముందు కిలో 1.90కే ఇస్తామని మొదలుపెట్టింది. ఆ పది పైసల తేడా నాకు ఇప్పటికీ అపురూపంగా అనిపిస్తుంది. పేదవాడి కంచం కోసం రెండు పెద్ద పార్టీలు పోటీపడి వేలంపాట పాడటం మన రాష్ట్రం అంతకుముందు ఎరగదు. 1983 జనవరిలో తెలుగుదేశం 200కు పైగా సీట్లతో గెలిచింది. మరుసటి ఏడాదే కరణం, మునసబు వ్యవస్థ రద్దయింది. ఈ రెండింటినీ విడివిడిగా చదువుతారు. నా దృష్టిలో రెండూ ఒకే మార్పు. ఒకటి గింజలు పంచింది, రెండోది పుస్తకాన్ని అరుగుమీద నుంచి లేపింది.

బియ్యం ఎందుకు సాధ్యమైందంటే దానికి అడ్డుపడే మనిషి ఊళ్లో లేడు. ఖర్చు రాష్ట్ర ఖజానాది, కేంద్ర ఆహార సంస్థది. బుగత నుంచి సెంటు భూమి పోదు. అయినా ఆయన బలం తగ్గింది. ఆషాఢంలో గాదె ఖాళీ అయినప్పుడు కంబారి ఆ గుమ్మం ఎక్కి "బాబూ, రెండు కుంచాలు ఇప్పించండి" అనడం తగ్గింది. ఆ రెండు కుంచాలు పంటకి మూడు అయ్యేవి. చౌకబియ్యం ఆకలి తీర్చడంతోపాటు ఆ నాగు అప్పునీ తెంపింది. ఇంటికి వచ్చే 20, 25 కిలోల బియ్యంలో ఉన్న రాజకీయం ఇది. ఓటు మడతలు తగ్గాయంటే దానివల్లే.

పోటీకి హద్దు కూడా ఉంది. 1994లో మళ్లీ 2 రూపాయల బియ్యం, దాంతోపాటు మద్యనిషేధం హామీతో ప్రభుత్వం వచ్చింది. 1995 జనవరి నుంచి నిషేధం మొదలైంది. మద్యం మీద వచ్చే డబ్బు పోయి, బియ్యం ఖర్చు పెరిగి ఖజానా కుంగింది. 1996లో బియ్యం మూడున్నర అయింది, 1997లో నిషేధం సడలిపోయింది. మళ్లీ 2 రూపాయలకి రావడానికి 2008 దాకా ఆగాలి, 2011లో రూపాయి అయింది. భార్య కంచంలోకి వచ్చే బియ్యానికి భర్త తాగే మద్యం డబ్బు కడుతోందంటే, పంపకం పై ఇంటి నుంచి కింది ఇంటికి జరిగినట్టా, లేక ఒకే ఇంట్లో ఈ చేతినుంచి ఆ చేతికి మారినట్టా? ఈ ప్రశ్న నీ పేపర్లో తప్పకుండా ఉండాలి.

పింఛను గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నీ రెండో ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. 1990ల చివర్లో వృద్ధాప్య పింఛను నెలకి 75 రూపాయలు. అదీ కోటా లెక్కన. ఊరికి ఇన్ని అని ఇస్తే, కొత్తవాళ్ల పేరు ఎక్కాలంటే జాబితాలో ఎవరో ఒకరు కన్నుమూయాలి. మా వీధిలో ఒక పెద్దామె, భర్త పోయి ఇరవై ఏళ్లయింది, చోడి అంబలి తాగి బతికేది. పక్కవీధిలో ఒక ముసలాయనకి సుస్తీ చేస్తే చూడ్డానికి వెళ్లింది. తిరిగొచ్చి మా అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. "ఆయన పోతే నాకొస్తాదన్న ఆలోచన వచ్చినాది అమ్మా, ఏ జన్మ పాపమో" అంది. ఆమెకి ఆ ఆలోచన పుట్టించింది ఆమె మనసు కాదు, ప్రభుత్వ ఉత్తర్వు. డబ్బు తక్కువ పంచడం ఒక తప్పు. పేదవాళ్లని ఒకరి చావు కోసం ఒకరు ఎదురుచూసేలా పంచడం అంతకంటే పెద్ద తప్పు.

తర్వాత అర్హులందరికీ ఇవ్వాలన్న పద్ధతి మెల్లగా వచ్చింది. మొత్తం కూడా పెరిగింది. 2014లో వెయ్యి, 2019 మొదట్లో రెండు వేలు, 2024 జనవరిలో మూడు వేలు, అదే ఏడాది జులైలో నాలుగు వేలు. పార్టీలు మారినా మొత్తం తగ్గలేదు. ఇదీ అసలు విశేషం. ఎవరు వచ్చినా తగ్గించలేని స్థితికి చేరిందంటే అది దానం దశ దాటి మాట దశకి వచ్చినట్టు. ఆసిమోగ్లు వాళ్లు వెతికే 'నమ్మదగిన హామీ' అంటే ఇదే. మా ఊళ్లో ఇప్పుడు ఒకటో తారీఖు ముసలమ్మ ఇంట్లో కోడలు టీ కొంచెం తొందరగా పెడుతుంది. దాన్ని స్వార్థమని నేను అనుకోను. నెలకి నాలుగువేలు తెచ్చే మనిషికి ఇంట్లో మాట చెల్లుతుంది. ఇంట్లో మాట చెల్లని మనిషి గ్రామసభలో ఏం మాట్లాడుతుంది?

ఉపాధి హామీ ప్రభావం ఇంకా సూటిగా ఉంది. 2006లో మొదటి విడతలోనే విజయనగరం ఉంది, శ్రీకాకుళం మరుసటి ఏడాది చేరింది. అప్పట్లో కూలి 80 రూపాయలు, ఆడా మగా తేడా లేదు. ఆ తర్వాత ఉభాల రోజుల్లో మా చుట్టాల పొలం దగ్గర నేను ఉన్నాను. నాట్లకి ఆడవాళ్లు వచ్చారు గానీ మడిలో దిగలేదు. గట్టుమీద నిలబడి ఒకామె, నలభై ఏళ్లుంటాయేమో, "ఏటిస్తావు చెప్పు, తరవాత దిగుతాం" అంది. కేకలు లేవు, గొడవ లేదు. మా చుట్టం మొహం మాడింది. పాత కూలీకి ఇరవై కలిపి చెప్పాడు. ఆమె మిగతావాళ్ల వైపు చూసింది, వాళ్లు తలూపారు, అప్పుడు చీర కుచ్చెళ్లు ఎగదోపి దిగారు. అంతకుముందు కూలి ఎంతో సాయంత్రం చేతిలో పెట్టినప్పుడే తెలిసేది. చెరువు పని అనే ఇంకో దారి ఉండబట్టే ఆ గట్టుమీద నిలబడగలిగారు. సన్నకారు రైతుకి ఇది బరువే, రెండెకరాల మా చుట్టం బాధ కూడా నిజమే. ఆ బరువుకి పరిష్కారం ధాన్యం ధరలో వెతకాలి గానీ ఆమె కూలి తగ్గించడంలో కాదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. తాయిలాలు ఇచ్చి ఓట్లు కొంటున్నారనీ, జనం సోమరులవుతున్నారనీ పట్నాల్లో తరచూ వింటున్నాం. నేను ఒప్పుకోను. పోలింగ్ ముందురాత్రి చేతిలో పెట్టే నోటు వేరు, చట్టం ప్రకారం జాబితాలో ఉన్న అందరికీ వచ్చే పింఛను వేరు. నోటు తీసుకున్నవాడు తలదించుకుంటాడు, పింఛను తీసుకునేవాడు రాకపోతే నిలదీస్తాడు. ఒకటి ఓటుకి ధర, రెండోది ఓటుకి ఫలితం. రెండింటినీ కలిపి తిట్టేవాళ్లు పేదవాడి ఓటుకి ఫలితం ఉండటమే తప్పంటున్నారని నాకు అనిపిస్తుంది.

అయితే ఒక టెన్షన్ నాకూ ఉంది. బుగత చెయ్యి తప్పుకున్నచోట పార్టీ చెయ్యి వచ్చి కూర్చోవడం. ఒక ప్రభుత్వ హయాంలో జన్మభూమి కమిటీలు, తర్వాతి ప్రభుత్వ హయాంలో 50 ఇళ్లకో వాలంటీరు. ఇద్దరివల్లా మేలు పొందినవాళ్లు ఉన్నారు, మంచం పట్టిన మనిషికి ఇంటికే డబ్బు రావడం చిన్న విషయం కాదు. కానీ ఫలానావాడు తలచుకుంటే నా పేరు పోతుందన్న అనుమానం మనసులో ఉన్నంతకాలం ఆ డబ్బు పూర్తిగా హక్కు కాదు. 2024 ఎన్నికల ముందు వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఆపినప్పుడు ముసలివాళ్లు ఎండలో సచివాలయాలకీ బ్యాంకులకీ తిరిగారు. ఒకే చేతి మీద అంతా ఆధారపడితే ఆ చెయ్యి ఆగిన రోజు ఏమవుతుందో అప్పుడు తెలిసింది.

దీనికి తోడు ఓటు రహస్యం. బ్యాలెట్ కాగితాల కాలంలో పెట్టెలన్నీ కలిపి లెక్కించే పద్ధతి వచ్చాక ఏ ఊరు ఎటు వేసిందో చెప్పడం కష్టమయ్యేది. ఈవీఎంలు వచ్చాక ఏ పోలింగ్ కేంద్రంలో ఎవరికి ఎన్ని పడ్డాయో సాయంత్రానికి ఫోన్లో తిరుగుతోంది. ఫలానా కాలనీ మనకి వెయ్యలేదని వేలు చూపించగలరు. యంత్రాల ఓట్లు కలిపి లెక్కించే టోటలైజర్‌ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, ఇప్పటిదాకా అమల్లోకి రాలేదు. 1985లో ఆ ముసలాయన అడిగిన ప్రశ్నకి మనిషి స్థాయిలో జవాబు దొరికింది. వీధి స్థాయిలో ఆ ప్రశ్న మళ్లీ తిరిగొచ్చింది. పంపకం గురించి రాసేవాళ్లు దీన్ని పట్టించుకోరు. నువ్వు పట్టించుకో.

ఇంతకీ వలస ఎందుకు ఆగలేదు? బియ్యం, పింఛను మనిషిని నిలబెడతాయి, కొడుక్కి పని చూపించవు. పంచింది తిండిని, ఆస్తిని కాదు. భూమి పేరుమీద ఇచ్చేవన్నీ, అప్పుల మాఫీ దగ్గరనుంచి ఉచిత కరెంటు దాకా, పాస్‌బుక్ ఉన్నవాడికే పోతాయి. కౌలురైతుకి రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011లో చట్టం చేశారు. 2019 చట్టంలో భూమి యజమాని సంతకం కావాలన్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం, అడిగితే కౌలే పోతుందని రైతు భయం. మళ్లీ మా ఊరి శిస్తు రసీదు కథే.

కట్టేవాడి వైపు చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. ఎస్టేట్ డ్యూటీని 1985లో తీసేశారు. సంపద పన్నుని 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే, మన దగ్గర ఎంత పెద్ద తోట ఉన్నా దాన్ని తాకరు. 2017 జులై నుంచి జీఎస్టీ సబ్బు మీదా చెప్పుల మీదా ఇసక మోసే కూలీ నుంచి కూడా వసూలవుతోంది. 60 వేల ఇంటి నుంచి తీసి పంచే పని మనం నిజానికి ఇంకా మొదలుపెట్టలేదు. 6 వేల ఇళ్ల నుంచి కూడా తీసి, 6 వేల ఇళ్లకి కొంచెం ఎక్కువ తిరిగిస్తున్నాం. దాన్ని ఉచితం అనడం ఆ కూలీ కట్టిన పన్నుని లేనట్టు చెప్పడమే.

పంపకం తిరగబడి కిందనుంచి పైకి జరిగే సందర్భాలూ ఉన్నాయి. సోంపేట బీల భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని 2010 జులై 14న జనం అడ్డుకున్నప్పుడు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. పర్యావరణ అనుమతి ఆరోజే రద్దయింది. మరుసటి ఏడాది కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి. చేపలు, గడ్డి, రెండో పంట నీళ్లు, ఇవేవీ ఆదాయ సర్వేల్లో సరిగ్గా లెక్కకి రావు. పోతే మాత్రం ఆ ఇంటి ఆదాయంలో పెద్ద భాగం పోతుంది.

నీ పేపర్ కోసం పనికొచ్చే సలహా ఒకటి. లైబ్రరీకి వెళ్లేముందు మీ ఊరివి మూడు కాగితాలు సంపాదించు: ఏ భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో చూపించే అడంగల్, పింఛను జాబితా, గత ఎన్నికల్లో మీ పోలింగ్ కేంద్రం లెక్క చూపించే ఫారం 20. మూడూ పక్కపక్కన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగు. అడంగల్‌లో పేరున్న మనిషిని "ఏ చెక్క?" అని అడుగు. చెప్పలేకపోతే అక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చో. కౌలుదారులు భర్త ముందు ఒకటి, భార్య ముందు ఒకటి చెప్తారు, ఇద్దరినీ విడిగా అడుగు. పండగలకి సూరత్ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చినవాళ్లు తిరుగు రైలెక్కేలోపు కలువు. వాళ్ల పేర్లు చాలావరకు అడంగల్‌లోనూ పింఛను జాబితాలోనూ కనిపించవు, కనిపించేది ఓటర్ల జాబితాలోనే.